మేకపాలు తాగిన నిమత్

మా పేటకు స్నానశాల ఒక్కటే. పొద్దున్నుంచి మధ్యాహ్నపు అజాన్ దాకా మగవాళ్ళది, ఆ తరువాత పొద్దుగూకే దాకా ఆడవాళ్ళది. ఈ రెండు వేళలకూ నడుమ ఒక గంటసేపు లోపల ఎవరూ ఉండరు. ఆ గంట నిమత్‌ది.

చివరి మగవాడు తలకు తుండు చుట్టుకుని మెట్లెక్కి వెళ్ళాక నిమత్ లోపలికి దిగేవారు. రాతిపలకల మీది నురగ కడిగి, కాలవలో చిక్కుకున్న వెంట్రుకలు లాగి, తొట్లు నింపి, వెనక కొలిమిలో మంట చూసుకునేవారు. తరువాత తలుపు వేసుకుని తాము నాలుగు చెంబులు పోసుకునేవారు. బయటికి వచ్చి గుమ్మానికి ఎర్రగుడ్డ కడితే ఇక ఆడవాళ్ళ వేళ మొదలైనట్టు. నలభై ఏళ్ళకు పైగా ఇదే వరస.

ఆ పని ఇంకొకరికి కుదిరేది కాదు. నిమత్ ఖున్సా. అంటే, పుట్టగానే మంత్రసాని చూసి రెండు గుర్తులూ ఉన్నాయని చెప్పిన బిడ్డ. అలాంటి పిల్లలు పెద్దయ్యేసరికి ఏదో ఒకవైపు తేలతారంటారు. గడ్డమో రొమ్ములో వస్తాయి. నిమత్‌కు ఏవీ రాలేదు. మా ధర్మశాస్త్రాలలో ఇలాంటివారిని "తేలని ఖున్సా" అని, వారికోసం ఒక అధ్యాయమే రాశారు. నమాజులో ఎక్కడ నిలబడాలి, ఆస్తిలో వాటా ఎంత, ఎవరి ఎదుట తల కప్పుకోవాలి, అన్నీ అందులో ఉంటాయి. నేను ఆ అధ్యాయాన్ని చాలాసార్లు చదివాను. మనిషిని గెంటెయ్యడానికి రాసినట్టు ఎక్కడా అనిపించలేదు. ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక తలలు పట్టుకున్న పెద్దమనుషులు రాసినట్టు ఉంటుంది.

చదివింది నాన్న కోసం. నాన్న ముల్లా జర్జీస్, మా పేటకు ధర్మసందేహాలు తీర్చేవారు. నేను భర్త పోయి పుట్టింటికి చేరే నాటికి ఆయన చూపు మసకబారింది. పుస్తకం నేను చదివితే ఆయన అర్థం చెప్పేవారు. పుస్తకాలలో ఖున్సాను మగవాడి గురించి రాసినట్టే రాస్తారు, రాతకు సులువని. నాన్న నోట మాత్రం నిమత్ ఎప్పుడూ "వారు". నేనూ అలాగే రాస్తున్నాను.

శుక్రవారం మసీదులో ముందు మగవాళ్ళ వరసలు, వాళ్ళ వెనక పిల్లల వరస, అన్నిటికన్నా వెనక ఆడవాళ్ళం. పిల్లలకూ మాకూ నడుమ ఒక వరస. అందులో నిమత్ ఒక్కరే.

"ఒక్కరుంటే వరసెలా అవుతుంది?" అని కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు.

"పాషాగారి గుర్రాన్ని కూడా ఒంటరిగానే కడతార్రా. గాడిదల్నే గుంపుగా కట్టేది," అనేవారు నిమత్, చెప్పులు వెతుక్కుంటూ.

మా ఆడవాళ్ళ ఎదుట వారిని మగవాడిగానూ, మగవాళ్ళ ఎదుట ఆడమనిషిగానూ లెక్కించాలన్నది పద్ధతి. ఏది నిజమో తెలియనప్పుడు జాగ్రత్త వైపే ఉండాలని. అందుకని నిమత్ వీధిలో కనిపిస్తే మేం ముసుగు దించుకునేవాళ్ళం. ఈ విషయంలో అందరికన్నా ముందుండేది హస్నా. జీనులు కుట్టే అబ్బూద్ పెళ్ళాం, అరవై దాటిన మనిషి. స్నానశాల గుమ్మంలో నిమత్ నీడ పడితే చాలు, "నిమతర్రా! కప్పుకోండి!" అని ఒక్క కేక వేసేది. ఆ కేక టైగ్రిస్ ఒడ్డున బట్టలు ఉతికేవాళ్ళకు కూడా వినిపించేది.

ఇంకొక సంగతి. మా మోసుల్‌లో బొగ్గు తెచ్చేవాణ్ణి కూడా మామా అంటాం, గుడ్లమ్మే ముసలమ్మను అత్తా అంటాం. నిమత్‌ను మాత్రం ఎవరూ వరస పెట్టి పిలవలేదు. ఏ వరస పెట్టాలో తెలియక, చిన్నపిల్లలు సైతం ఉత్త పేరు పెట్టి పిలిచేవాళ్ళు.

ఒక చలికాలం నిమత్‌కు నెమ్ము చేసింది. కొలిమి వెనక ఉన్న గదిలో పడుకుండిపోయారు. మూడో రోజు నాన్నా నేనూ ఎర్రపప్పు జావ పట్టుకుని వెళ్ళాం. గుమ్మం దగ్గర అప్పటికే ఇద్దరు నిలబడి వాదించుకుంటున్నారు. ఒకరు ఇల్యాస్, మగ శవాలకు స్నానం చేయించేవాడు. రెండోది ఖద్దూజ, ఆడవాళ్ళకు చేయించేది.

"గడ్డం లేనంత మాత్రాన ఆడదైపోతుందా?" అంటోంది ఖద్దూజ. "మా ఆయనకూ గడ్డం నాలుగు వెంట్రుకలే. మగవాడై ఉంటే రేపు దేవుడి ముందు నేనేం చెప్పుకోను? నేను ముట్టుకోను బాబూ."

"ఆడమనిషై ఉంటే నేనేం చెప్పుకోను వదినా? నువ్వు ముట్టుకోనిది నేనెలా ముట్టుకుంటాను?"

"అయితే మట్టే."

"మట్టే మరి."

లోపల్నుంచి దగ్గు వినిపించింది. "ఇంకా పోలేదర్రా. కాస్త మెల్లిగా మాట్లాడుకోండి."

వాళ్ళిద్దరూ చెడ్డవాళ్ళు కారు. ముందే తేల్చుకుంటే ఆ రోజున గొడవ ఉండదని వచ్చారు. నీళ్ళు దొరకని చోట, లేదా కడగడానికి తగిన మనిషి లేనప్పుడు, శుభ్రమైన మన్ను అరచేతులకు అద్దుకుని శవం ముఖానికీ చేతులకూ రాస్తారు. స్నానం అయిపోయినట్టే. అందులో ఏ దోషమూ లేదు.

నాన్న పరుపు పక్కన కూర్చున్నారు. నిమత్ లేవబోతే వద్దన్నారు.

"ముల్లాగారూ, నాకు నీళ్ళు లేవట కదా."

"మన్ను కూడా శుద్ధమైనదే, నిమత్."

"కాదన్నానా? ఎడారిలో పోయినవాడికి మన్నే దిక్కు. నేను ఎడారిలో లేను. గోడకి అవతల తొట్టి పొగలు కక్కుతోంది." కాసేపు దగ్గి మళ్ళీ అన్నారు: "నా ఒంటి మీద నేనే పోసుకున్నాను ఇన్నాళ్ళూ. నన్నెవరూ కడగలేదని ఏడవలేదు. ఆఖరిది మాత్రం నాచేత కాదు. అదొక్కటి ఎవరైనా పొయ్యాలి. నాకు ఇంకేం అక్కర్లేదు."

నాన్న నా వైపు తిరిగారు. ఆయన అడగబోయేది ఏ పుటలో ఉందో నాకు తెలుసు. బట్టల మీదుగా ఎవరు కడిగినా తప్పు లేదని మా శాఖ పండితులు కొందరు అన్నారని చెప్పాను. గుమ్మంలో నుంచి ఖద్దూజ తల లోపలికి పెట్టింది.

"తల్లీ, మీ పుస్తకం వచ్చి నీళ్ళు పోస్తుందా? పోసేది ఈ చెయ్యి. దీనికి ధైర్యం చాలట్లేదు."

నాన్న గడ్డం నిమురుకున్నారు. "ఇంకో దారి ఉంది. నిమత్, మీ మనసు ఎటు మొగ్గిందో మీకే తెలుసు. నేను ఆడదాన్ని అని చెప్పండి, లేదా మగవాణ్ణి అని చెప్పండి. మీ మాటే సాక్ష్యం. ఇంకెవరినీ అడగక్కర్లేదు."

గుమ్మంలో ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

"ఆడదాన్నని చెప్పు నిమత్! మిగతాది నేను చూసుకుంటా, వేడివేడిగా!"

"మగవాణ్ణని చెప్పు. ఈవిడ మాట వినకు. పోయిన వారం అబ్దూన్ తల్లికి చన్నీళ్ళు పోసింది."

"నువ్వు చూశావా? ఆడవాళ్ళ దగ్గర నీకేం పని?"

నిమత్ వాళ్ళ వైపు చూడలేదు. "ముల్లాగారూ, ఆ మాట నిజమై ఉండాలా, ఊరికే అంటే సరిపోతుందా?"

"నిజమై ఉండాలి."

"నా మనసు అటూ మొగ్గలేదు, ఇటూ మొగ్గలేదు. మొగ్గితే ఆ వేడినీళ్ళ తొట్టి వైపు మొగ్గింది. నిలబడమన్న చోట ఇన్నేళ్ళూ నిలబడ్డాను. పోతూ పోతూ నా ఒంటి మీద నేనే దొంగసాక్ష్యం చెప్పనా?"

జావ చల్లారిపోతోందని నేను గిన్నె నిమత్ చేతికిచ్చాను. రెండు గుక్కలు తాగారు.

లేచేముందు నాన్న అడిగారు. "దగ్గరి చుట్టాలెవరైనా ఉన్నారా? ఎటు లెక్క చూసినా పెళ్ళి కూడని చుట్టం. అన్నో, చెల్లెలో, మేనమామో. వాళ్ళు కడగొచ్చు. ఎవరి ధైర్యమూ అక్కర్లేదు."

"అమ్మ నన్ను కని మూడో రోజున పోయింది. నాన్న మీరెరిగినవాడే, కొలిమి ధన్నూన్. ఆయనకూ ఎవరూ లేరు."

"పాలచుట్టమైనా చాలు. ఒకే తల్లి పాలు తాగితే తోబుట్టువులే. మీకు పాలిచ్చిందెవరు?"

"మేక."

"మేకా?"

"నాన్న ఎప్పుడూ అదే చెప్పేవాడు. మేకపాలు పోసి పెంచాడట."

నాన్న నిట్టూర్చారు. ఒకే మేక పాలు తాగిన ఇద్దరు పిల్లలు అన్నాచెల్లెళ్ళు కారని కూడా పుస్తకంలో ఉంది. లేకపోతే మా ఊళ్ళో పెళ్ళిళ్ళే జరగవు.

మర్నాడు నేను స్నానానికి వెళ్ళాను. నిమత్ లేక అక్కడంతా జిడ్డు జిడ్డుగా ఉంది. కాలవ పూడుకుపోయి కాళ్ళ దగ్గర నీళ్ళు నిలిచాయి. ఆడవాళ్ళు దానిమ్మగింజలు తింటూ ఒకటే సణుగుడు. షమ్సా అవ్వ వీపు రుద్దేవాళ్ళు లేరని నేను కూర్చున్నాను. ఆమెకు తొంభై దగ్గరపడ్డాయి. నోట్లో పన్ను లేదు గానీ మాట పదును తగ్గలేదు. మాటల్లో మాటగా, "పాపం నిమత్, తల్లిపాలు కూడా ఎరగరు, మేకపాలతో పెరిగారట," అన్నాను.

అవ్వ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"మేకా! ఆ మేకని నేనెరుగుదునే ముల్లా కూతురా. దాని పేరు రహ్మా."

రెండు తొట్ల అవతల హస్నా తలకు మట్టి పట్టించుకుని కూర్చుని ఉంది. అట్లాగే తిరిగింది. "ఏ రహ్మా?"

"పేటలో ఎంతమంది రహ్మాలున్నారే? మీ అమ్మే."

నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. అవ్వకు అలాంటి నిశ్శబ్దం దొరికి ఎన్నేళ్ళయిందో, తీరుబడిగా చెప్పింది. ధన్నూన్ బిడ్డను గుడ్డలో చుట్టి స్నానశాల గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చాడట. లోపల రహ్మా ఒళ్ళో రెండు నెలల హస్నా. ఆమె బిడ్డను తెప్పించుకుని అక్కడే, ఆ వేడిగదిలో, రెండో రొమ్ము ఇచ్చింది. ఆ రోజుతో ఆగలేదు. నాలుగు నెలలు, రోజూ.

"రోజూ ఎలా కుదిరింది?" అన్నాను.

"స్నానం వంకతో! ఇంత శుభ్రమైన పెళ్ళాం ఊళ్ళో ఎవడికీ లేదని దీని నాన్న మురిసిపోయేవాడు." అవ్వకు నవ్వాగలేదు. "తెలిస్తే చంపేసేవాడు. నా బిడ్డ పాలు పరాయి బిడ్డకా అనే రకం. మొగుడు ఒప్పుకోకుండా పాలిస్తే తప్పంటారు కదా. అందుకని మేమంతా ఒట్టేసుకున్నాం. ఎవరడిగినా మేకనే చెప్పాలని. ధన్నూన్ చేత కూడా ఒట్టేయించాం. చచ్చేదాకా నిలబెట్టుకున్నాడన్న మాట, మంచివాడు."

హస్నా లేచింది. రెండు చెంబులు నెత్తిన కుమ్మరించుకుని, మట్టి సగం పోకుండానే బట్టలు కట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం మా ఇంటికి వచ్చింది. జుట్టులో ఇంకా మట్టి ఉంది.

"ముల్లాగారూ, నేను యాభై ఏళ్ళు నా తోబుట్టువుని చూసి ముసుగేసుకున్నానా?"

"తెలియక చేసింది తప్పు కాదమ్మా."

"తప్పు కాదు, సరే. ఊరందరికీ వినపడేలా కేకలేశాను కదా. అది?"

"దానికి పుస్తకంలో ఏమీ లేదు," అన్నారు.

"ఇప్పుడు నేను కడగాలా?"

"కడగొచ్చు. కడగాలని లేదు. కానీ అంతకన్నా ముందు ఇది తేలాలి. అవ్వ ఒక్కతి చెప్తే చాలదు. కళ్ళారా చూసిన ఆడవాళ్ళు నలుగురు కావాలి."

షమ్సా అవ్వ ఉంది. ఆమె చెల్లెలు ఉంది. ఆనాటి మంత్రసాని కూతురు, కళ్ళు సరిగా కనపడకపోయినా, చిన్నప్పుడు చూసింది గుర్తుందని చెప్పింది. నాలుగో మనిషి హస్నా అక్క ఖాతూన్. అప్పటికి ఎనిమిదేళ్ళ పిల్ల. తమ నాన్న వస్తాడేమోనని గుమ్మంలో కాపలా నిలబెట్టింది ఆమెనే. నది అవతల నబీ యూనిస్ గుట్ట కింద కాపురం. కబురు పెడితే రానంది. "అమ్మ పోయి ముప్పై ఏళ్ళు. మొగుణ్ణి మోసం చేసిందని నలుగురిలో నా నోటితో అనిపిస్తారా?" అని చెప్పి పంపింది.

ఆ సంగతి నిమత్‌కు ఎవరూ చెప్పలేదు. జ్వరం ఇంకా తగ్గలేదు. ఉన్న ముగ్గురితో సరిపెట్టలేరా అని నేను నాన్నను రెండుసార్లు అడిగాను. రెండోసారి విసుక్కున్నారు. "రేపు ఇంకో ఇంట్లో పాలచుట్టరికం పేరు చెప్పి పెళ్ళి ఆపడానికో, చెడగొట్టడానికో ఇద్దరు చాలంటారు. అప్పుడేం చేస్తావ్?"

ఎముకలు కొరికే చలిలో పడవల వంతెన దాటి హస్నా తానే వెళ్ళింది. అక్కాచెల్లెళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. రెండో రోజున ఖాతూన్‌ను గాడిద మీద కూర్చోబెట్టి, కళ్ళెం తాను పట్టుకుని, తీసుకువచ్చింది. ఖాతూన్ మా వాకిట్లో దిగి ముసుగు తియ్యకుండానే చెప్పింది: "మా అమ్మ ఇచ్చింది. కడుపునిండా ఇచ్చింది. నేను చూశాను. రాసుకోండి." తరువాత ఏడ్చింది. హస్నా ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి, "ఏడిస్తే ఏడిచావు గానీ ఎన్నిసార్లో కూడా చెప్పు, అయిదుకి తక్కువైతే చెల్లదట," అంది.

"అయిదా? నేను కాపలా కాసి కాసి నా కాళ్ళు పడిపోయాయి!"

అప్పుడు హస్నాతో కలిసి నేను నిమత్ గదికి వెళ్ళాను. నేను ముసుగుతో, హస్నా ముసుగు లేకుండా. నిమత్ ఆమె ముఖాన్ని చూసి గబుక్కున దుప్పటి తమ కళ్ళ మీదకు లాక్కున్నారు.

"హస్నా! ముసుగు జారింది!"

"జారలేదు. తీసేశాను." హస్నా పరుపు అంచున కూలబడింది. "ఏదీ, దుప్పటి తియ్యి. నా పాలు సగం తాగిన మొహం ఎలా ఉందో చూడనీ."

నేను జరిగిందంతా చెప్పాను. "మేకే అనుకున్నాను," అన్నారు నిమత్.

"మా అమ్మని మేకంటావా!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నిమత్‌కు నవ్వుతో పాటు దగ్గు. హస్నా వీపు నిమిరింది. ఆ చెయ్యి తగలగానే నిమత్ బిగుసుకుపోయారు. ఆ తరువాత కాస్త కాస్తగా వదులయ్యారు.

"ఇంతకీ నిన్ను తిట్టాలంటే ఎలా?" అంది హస్నా. "ఏమే అనాలా, ఏరా అనాలా?"

"ఏమోయ్ అను. దానికి సాక్షులక్కర్లేదు."

ఆ జ్వరానికి నిమత్ పోలేదు. వసంతం నాటికి మళ్ళీ కాలవ శుభ్రం చేస్తున్నారు. ఆ నడిమి గంటలో వారానికొకసారి హస్నా వీపు రుద్దే నురగరాయి పట్టుకుని లోపలికి వెళ్ళేది. తలుపు బయట మేం ఎర్రగుడ్డ కోసం ఎదురుచూస్తూ వినేవాళ్ళం. "ఏమోయ్, వీపు మీద గోధుమలు చల్లితే మొలకెత్తేలా ఉన్నాయి!" అని హస్నా గొంతు. ఆ రోజుల్లో గుడ్డ ఆలస్యమయ్యేది, ఎవరూ సణగలేదు. శుక్రవారం నమాజులో మాత్రం ఏ మార్పూ లేదు. ఆ వరసలో నిమత్ ఒక్కరే నిలబడేవారు. పాలచుట్టరికం అక్కడ పనికిరాదు. ఒకసారి హస్నా మా నాన్నను ఆ మాట అడిగి, కుదరదని తెలుసుకుని, మా వరసల్లో అన్నిటికన్నా ముందు నిలబడడం మొదలుపెట్టింది. ఇక్కణ్ణించి చూస్తే వీపు కనిపిస్తుందంది.

మూడో ఏడు ఎండాకాలం, జల్దారు పళ్ళు రాలే రోజుల్లో నిమత్ నిద్రలో పోయారు. ఇల్యాస్, ఖద్దూజ ఇద్దరూ వచ్చి బయట నిలబడ్డారు, అడిగితే సలహా చెప్పడానికి. ఎవరూ అడగలేదు. ఎత్తి తిప్పడానికి హస్నా తన పెద్దకొడుకును తెచ్చింది. లెక్క ప్రకారం అతనూ పెళ్ళి కూడని చుట్టమే. ఒంటి మీద చొక్కా ఉండగానే, దాని కింద నుంచి కడగాలని నాన్న చెప్పి పంపారు. రేగాకు కలిపిన నీళ్ళు ఒకసారి, మామూలు నీళ్ళు ఒకసారి, కర్పూరం వేసినవి ఆఖర్న. మూడుసార్లు చాలు, చాలకపోతే అయిదో ఏడో, ఎన్నయినా బేసి సంఖ్యలో ఆపాలి.

నేను తలుపు ఇవతల ఉండి కుండలు అందించాను. మూడు అయ్యాయి. "ఇంకా," అంది హస్నా లోపల్నుంచి. అయిదు అయ్యాయి. "ఇంకా." ఏడో దాని తరువాత ఖద్దూజ నా మోచెయ్యి గిల్లింది, ఇక చాలని చెప్పమని. నేను చెప్పలేదు. తొట్టి దగ్గరికి వెళ్ళి మళ్ళీ నింపుకొచ్చాను. నీళ్ళు వేడిగా ఉన్నాయో లేదో ప్రతిసారీ మోచేత్తో చూశాను.

పదకొండో కుండ తరువాత తలుపు తెరుచుకుంది.

ఇంటికి వచ్చి నాన్నకు చెప్పాను. నీళ్ళు వృథా చేస్తే ఆయన ఒప్పుకోరు. నది ఒడ్డున కూర్చున్నా కొలిచి వాడాలనేవారు. ఏమంటారోనని చూస్తున్నాను.

"పదకొండా?" అన్నారు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. "బేసి సంఖ్యే కదా. సరే."